ఎల్లస్వామి తెరిచిన కళ్లు

హనుమకొండలో కెమెరా కొనాలనుకునేవాళ్లు నేరుగా షాపు లోపలికి వెళ్లరు. బయట బల్ల మీద కూర్చునే ఎల్లస్వామి పక్కన కాసేపు కూర్చుని, ఆయన ఏం చెబితే అది విని, అప్పుడు లోపలికి వెళ్తారు. ఆ సంగతి తెలియక నేను తిన్నగా కౌంటర్ దగ్గరికే వెళ్లాను. పన్నెండేళ్లుగా పదో తరగతికి లెక్కలు చెబుతున్నదాన్ని, నన్నెవరూ తేలిగ్గా బుట్టలో వేయలేరని నాకు గట్టి నమ్మకం. పది నిమిషాల్లో సేల్స్‌మన్ నా చేతిలో అడవిలో పులుల్ని తీసే కెమెరా ఒకటి పెట్టాడు, నేను తలూపుతున్నాను.

"ఏం తీస్తవు బిడ్డా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. డెబ్బై దాటిన మనిషి. ఒక లెన్సును కంటికి అంగుళం దూరంలో పట్టుకుని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. ఇంట్లోనే ఒక గదిలో లెక్కల పాఠాలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నానని చెప్పాను.

"నీ లెక్కలు ఉరుకుతయా?"

"లేదు, బోర్డు మీదే ఉంటాయి."

"మరి ఉరికేటోళ్ల కెమెరా నీకెందుకు?"

సేల్స్‌మన్ మొహం మాడ్చుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ పూట ఏమీ కొనకుండా బల్ల మీద ఆయన పక్కన కూర్చుండిపోయాను.

ఆయన చెప్పినవి నోటుబుక్కులో రాసుకున్నాను, ఇప్పటికీ ఉంది. చూపు కొంచెం మసకైనా జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే ఒక్క నిమిషం ఆగరు, కాబట్టి ముందు కాలరుకు పెట్టుకునే మైకు కొనాలి. తర్వాత వెలుతురు. మెత్తటి తెల్లగుడ్డ కప్పిన లైటు ఒక్కటి చాలు, అది ఎడమ చెయ్యి వైపు, తల కంటే జానెడు ఎత్తులో ఉండాలి. స్టాండు బరువైనది తీసుకోవాలి, ఫ్యాను గాలికి ఊగేది వద్దు. లెన్సు ఒక్కటే, మన కన్ను చూసినట్టే చూసేది. గదిలో మాట గింగురుమంటే కెమెరాను తిట్టకుండా రెండు పాత బొంతలు గోడకు వేలాడదీయాలి. అన్నిటికంటే చివర్న కెమెరా. అది చిన్నదైనా పర్వాలేదు, ముఖాన్ని గుర్తుపట్టి వదలకుండా పట్టుకునేదై ఉండాలి. ఎందుకంటే నేను మాటిమాటికీ బోర్డు వైపు తిరుగుతాను, మళ్లీ ఇటు తిరిగినప్పుడు అది నన్నే వెతుక్కోవాలి.

ఇంటికొచ్చి ఎల్లస్వామి అనే ఆయన దొరికాడని అమ్మతో సంబరంగా చెప్పాను. అమ్మ పేరు సుశీల. దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైంది. చిక్కుడుకాయలు తుంచుతున్నదల్లా చెయ్యి ఆపేసింది.

"కండ్లు తెరిచే ఎల్లస్వామా? ఆయన ఇంక ఉన్నడా?"

అదేం పేరు అని అడిగితే చెప్పలేదు. చిక్కుడుకాయలు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన గురించి షాపు దగ్గరే మెల్లగా తెలిసింది. ఇప్పటివాళ్లకు ఈ పని ఒకటి ఉండేదని కూడా తెలియదు. ముప్పై నలభై ఏళ్ల కిందట మా చుట్టుపక్కల చాలామందికి బతికుండగా ఫొటో ఉండేది కాదు. మనిషి పోయాక ఇంట్లోవాళ్లు లబోదిబోమని ఫొటోగ్రాఫర్‌ను పిలిపించేవాళ్లు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెడ వెనక దిండు పెట్టి తీసేవాళ్లు. కానీ మూసిన కళ్ల ఫొటో గోడకు తగిలిస్తే ఎవరు చూడగలరు? ఆ ప్రింటు ఎల్లస్వామికి వెళ్లేది. ఆయన వెంట్రుకంత కుంచెతో మూసిన రెప్పల మీద తెరిచిన కళ్లు గీసేవాడు. వరంగల్‌కే కాదు, నర్సంపేట నుంచి, ధర్మసాగర్ నుంచి, ఇంకా అవతలి ఊళ్ల నుంచి కూడా ఆయన దగ్గరికే వచ్చేవి. ప్రింటు వెనక నంబరే తప్ప పేరుండేది కాదు. ఎవరి కళ్లు తెరిచాడో ఆయనకు తెలియదు, ఎవరు తెరిచారో ఆ ఇళ్లవాళ్లకు తెలియదు.

మా ఇంట్లో కూడా అలాంటి ఫొటో ఒకటుంది. మా నాన్న యోసేపుది. ధాన్యం మార్కెట్‌లో హమాలీ. నాకు రెండేళ్లప్పుడు పచ్చకామెర్లతో పోయాడు. శివనగర్‌లో మా ముందు గది గోడకు ఆ ఫొటో నా చిన్నప్పటి నుంచీ వేలాడుతోంది. నాన్న అంటే నాకు ఆ రెండు కళ్లే. ప్రోగ్రెస్ కార్డు వస్తే ముందు ఆ ఫొటోకు చూపించేదాన్ని, అమ్మ కొడితే దాని కింద కూర్చుని ఏడ్చేదాన్ని. నేను ఎటు జరిగితే అటు చూసేవి ఆ కళ్లు. అందులో ఒక జాలి ఉండేది, ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు కానీ ఆ జాలితోనే నేను పెరిగాను. అమ్మ మాత్రం ఎప్పుడూ ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేది. ఆమె తీరే అంత అనుకునేదాన్ని.

అదీ కళ్లు తెరిపించిన ఫొటోనే అని అప్పుడు తెలిసింది. తెరిపించడం అంటే మూసినవాటిని తెరవడమే కదా అనుకున్నాను. లోపల ఉన్నవి నాన్న కళ్లేనని నాకు అనుమానమే లేదు.

కెమెరా కొన్నాక ఎల్లస్వామి మా ఇంటికొచ్చి లైటు నిలబెట్టి ఇచ్చాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కెమెరా తెరను ముక్కుకు ఆనించుకుని చూశాడు. నా భుజం వెనక ఏదో అద్దం మెరుస్తోందని, దాన్ని తీసెయ్యమని అన్నాడు. అది మా నాన్న ఫొటో, తీయనని చెప్పాను. "అయితే జర కిందికి వంచు, మెరుపు పోతది" అన్నాడు. ఆయనకు అప్పటికే చూపు సగం పోయింది. ఆ అద్దం వెనక ఎవరున్నారో ఆయనకు కనబడలేదు, కనబడే దూరానికి ఆయన వెళ్లలేదు.

వెళ్తూ ఒక పని చెప్పాడు. ఈ కెమెరా ఒక ముఖాన్ని గుర్తుపెట్టుకోగలదు. మామూలు మనిషి కనబడితే తెల్ల గడి వేస్తుంది, గుర్తుపెట్టుకున్న మనిషి కనబడితే పసుపు గడి వేసి, పదిమందిలో ఉన్నా ఆ మనిషినే పట్టుకుంటుంది. నా ముఖాన్ని అందులో పెట్టుకోమన్నాడు. ఆయన వెళ్లాక నేను కెమెరాతో వచ్చిన పుస్తకం చూస్తూ ఆ పని చేశాను. కెమెరా వెనక నిలబడి బటన్ నొక్కాను. ముఖం నమోదైందని తెర మీద వచ్చింది. లెక్కల టీచర్‌ను, కెమెరా వెనక నిలబడి నొక్కితే కెమెరా ముందు నేను ఉండనన్న చిన్న సంగతి నాకు తట్టలేదు.

మొదటి పాఠం వర్గ సమీకరణాలు. నలభై నిమిషాలు ఊపిరి బిగబట్టి చెప్పాను. తర్వాత చూసుకుంటే మొదటి నుంచి చివరిదాకా నేను మసకగా ఉన్నాను. నా మాట ఉంది, చేతులు కదులుతున్నాయి, ముఖం మాత్రం పొగలా ఉంది. నా భుజం వెనక నాన్న ఒక్కో వెంట్రుకతో సహా స్పష్టంగా ఉన్నాడు. పాఠం నేను చెబుతుంటే ఆయన చూస్తున్నట్టు కాదు, ఆయన చూస్తుంటే నేను అడ్డమొచ్చినట్టు ఉంది. పొద్దున పదకొండు గంటలకు, వీధిలో కూరగాయల బండి అరుపులు వినబడుతుండగా, లేచి గదిలో లైటు వేశాను. కొత్త వస్తువు, ఇంకా అలవాటు కాలేదని నాకు నేనే చెప్పుకున్నాను. కుర్చీ ఇటు జరిపి ఫొటో కనబడకుండా చేసుకున్నాను. పాఠాలు బాగానే వచ్చాయి.

నెల తర్వాత మా స్కూల్లో తెలుగు చెప్పే మల్లికార్జున్ సారు ఒక సాయం అడిగాడు. వాళ్ల నానమ్మ కట్టమ్మకు ఎనభై దాటాయి, ఆమె మాటల్ని ఒకసారి వీడియో తీసి ఉంచుకోవాలని ఆయన కోరిక. ఆదివారం ఆరాధన అయ్యాక కెమెరా సంచి తగిలించుకుని నర్సంపేట బస్సెక్కాను. వాళ్లది పత్తి రైతుల ఇల్లు. వసారాలో మంచి వెలుతురుంది. కట్టమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కెమెరా పెట్టాను. ఆమె ముఖం మీద తెల్ల గడి వచ్చింది. మాట మొదలుపెట్టగానే గడి కదిలి ఆమెను వదిలేసి గోడ మీదికి వెళ్లి పసుపురంగుకు మారింది.

అక్కడ దండ వేసిన ఫొటో ఒకటి ఉంది. తొమ్మిదేళ్ల ఆడపిల్ల. రెండు జడలు, మెడలో పూసల దండ.

కెమెరా ఆపి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. లెన్సు తీసి తుడిచి పెట్టాను. పసుపు గడి ఆ పిల్ల కళ్ల మీదే నిలబడింది. పసుపు అంటే నేను. నా ముఖాన్నే కదా నేను అందులో పెట్టింది? ఆ పిల్లకూ నాకూ ఏం పోలిక? వెలుతురు బాలేదని అబద్ధం చెప్పి కుర్చీ అటువైపు తిప్పించాను. అప్పుడు గాని పని జరగలేదు.

అయిపోయాక ఆ పిల్లెవరని అడిగాను. కట్టమ్మ బిడ్డేనట, విషజ్వరంతో పోయిందట. "ఫొటో మంచిగనే చేసిచ్చిండ్రు గని బిడ్డా," అంది ముసలామె ఆ గోడ వైపు చూడకుండానే, "నా పిల్ల గంత పెద్దదాని లెక్క చూడకపోయేది."

బస్సులో ఆ మాటే చెవిలో తిరిగింది. మర్నాడు పొద్దున లేచీ లేవగానే కెమెరాను నాన్న ఫొటో ముందు పెట్టాను. పసుపు గడి. నావైపు తిప్పుకున్నాను. తెల్ల గడి. మెనూలోకి వెళ్లి నమోదైన ముఖం తెరిచి చూస్తే అక్కడ నేను లేను, మా నాన్న ఉన్నాడు. నేను చేసిన తెలివితక్కువ పని అప్పుడు అర్థమైంది. ఖాళీ కుర్చీ వెనక గోడ మీద కెమెరాకు దొరికిన ముఖం అదొక్కటే, దాన్నే పట్టుకుంది. సరే, అక్కడిదాకా లెక్క కుదిరింది. మార్కెట్‌లో బస్తాలు మోసిన మా నాన్న, నర్సంపేటలో తొమ్మిదేళ్లకు పోయిన ఆడపిల్ల, ఈ ఇద్దరూ ఒకే మనిషని కెమెరా ఎందుకు అంటోంది? ఆ లెక్క నాకు కుదరలేదు.

స్కూలుకు సెలవు పెట్టి మట్టెవాడకు ఆటో ఎక్కాను.

ఎల్లస్వామిది ఒకటే గది. నేను లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాను. ఎదురు గోడ మీద పెద్దది చేసిన ఒక ఆడమనిషి ఫొటో ఉంది. ముఖం ప్రశాంతంగా ఉంది, కళ్లు మూసుకుని ఉన్నాయి. ఊరందరికీ కళ్లు తెరిచిన మనిషి ఇంట్లో మూసిన కళ్ల ఫొటో. దాని ముందు దీపం వెలుగుతోంది. నేను మాట మెల్లగా మొదలుపెట్టాను, ఎవరో నిద్రపోతుంటే మాట్లాడినట్టు.

జరిగింది విన్నాడు. రెండు ఫొటోలనూ తెర మీద పెద్దవి చేసి చూపిస్తే ఆయనకు ఆనలేదు. కెమెరా తిరిగి నా చేతికే ఇచ్చి అడిగాడు.

"ఎడమ కంట్ల, తెల్లగుడ్డు మీద, ముక్కు దిక్కు నువ్వుగింజంత మచ్చ ఉన్నదా?"

పాపకు ఉంది. నాన్నకు కూడా ఉంది. ముప్పై ఏళ్లకు పైగా చూస్తున్న ఫొటోలో ఆ మచ్చను నేను ఎప్పుడూ మచ్చగా చూడలేదు. ఉందని చెప్పాను. ఆయన గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

"అది భద్రమ్మ మచ్చ," అన్నాడు.

భద్రమ్మ ఆయన భార్య, గోడ మీద ఉన్నది ఆమే. కళ్లు గీయాలంటే ఎదురుగా బతికున్న కళ్లు ఉండాలి. చచ్చినవాళ్లకు కళ్లు అరువివ్వడానికి ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు, కీడు తగులుతుందని భయం. భద్రమ్మ ఒప్పుకుంది. పొద్దున పని ముగించుకుని కిటికీ దగ్గర కూర్చునేది, ఒళ్లో పల్లికాయలు పెట్టుకుని ఒలుస్తూ ఆయన వైపు చూసేది. ముసలివాళ్లకు కింద ముడతలు కలిపేవాడు, పిల్లలకు రెప్పలు పెంచేవాడు, మగవాళ్లకు కనుబొమలు దట్టంగా దించేవాడు. లోపలి కళ్లు మాత్రం అన్నీ ఆమెవే. మచ్చ కూడా ఎందుకు పెట్టావని అడిగితే, చూసింది గీయడమే తప్ప వదిలేయడం తనకు రాదన్నాడు. తయారైన ఫొటోను వాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా గోడ వైపు తిప్పి పెట్టేవాడట. భద్రమ్మ అలా పెట్టమనేది. తన కళ్లతో ఇంకొకరు తనను చూస్తుంటే అన్నం ముద్ద దిగడం లేదని అనేదట.

ఒక్క షరతు పెట్టింది. తనను మాత్రం ఫొటో తీయొద్దంది. అన్ని ముఖాల్లోకి పంచాక తన ముఖంలో ఏం మిగిలి ఉంటుందో చూడటం ఆమెకు ఇష్టం లేదు. చెల్లెలి పెళ్లిలో ఎవరో అందరితో కలిపి తీస్తే, ఫ్లాష్ వెలిగే క్షణానికి గట్టిగా కళ్లు మూసుకుంది. ఆమె పోయాక ఆయనకు మిగిలిన ఫొటో అదొక్కటే. తెరవడానికి వందసార్లు కూర్చున్నాడు. ఎదురుగా ఆమె లేకుండా చెయ్యి కదలలేదు. ఒక ఏడాదికి ఆ కళ్లు ఎలా ఉండేవో గుర్తే లేకుండా పోయింది. తను గీసిన ఫొటోలు ఏ ఇళ్లలో ఉన్నాయో తెలియదు. ఇప్పుడు కంటి నరం ఎండిపోతోంది, సంక్రాంతి నాటికి ఈ చూపు కూడా ఉండదని డాక్టర్ చెప్పాడు.

నేను ఇదంతా వింటూ ఒక్క మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాను. "మరి మా నాన్న కళ్లు?" అన్నాను.

"నేను చూడలే బిడ్డా. నాకు మూసిన రెప్పలే ఇచ్చిండ్రు."

నాకు ఒళ్లు మండిపోయింది. ముసలాయన మీద కోపం వస్తుందని నేను అనుకోలేదు, కానీ వచ్చింది. నా ప్రోగ్రెస్ కార్డులు ఎవరికి చూపించాను? ఎవరి కింద కూర్చుని ఏడ్చాను? ముక్కూ మొహం తెలియని ఆడమనిషికి నాన్నా అని దండం పెట్టుకున్నానా? ఆయన ఒక్క పూట ఆ ఫొటో ఇవ్వమని, అది చూసి భద్రమ్మ కళ్లు తెరిచి తిరిగి ఇచ్చేస్తానని అడిగాడు. ఇవ్వనని చెప్పి వచ్చేశాను. గుమ్మం దాటాక తిరిగి చూస్తే ఆయన ఇంకా నేను కూర్చున్న చోటుకే మాట్లాడుతున్నాడు. నేను వెళ్లిపోయానని ఆయనకు కనబడలేదు.

వారం రోజులు ఫొటో ఉన్న గదిలోకి సరిగ్గా వెళ్లలేదు. వెళ్తే ఆ కళ్లు అలాగే చూసేవి, అదే జాలి. అది నా మీది జాలి కాదు, పల్లికాయలు ఒలుస్తూ మొగుడిని చూసుకునే జాలి అని తెలిశాక దాన్ని భరించడం కష్టమైంది. చివరికి అమ్మతో చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. అమ్మ నా మాట పూర్తి కాకముందే ఇచ్చెయ్యమంది. "ఆయన చూపు పోకముందే ఇయ్యి," అంది. అంత త్వరగా ఎలా ఒప్పుకుందో నాకు అంతుపట్టలేదు.

శనివారం పొద్దున ఎల్లస్వామి భద్రమ్మ ఫొటోను చంకలో పెట్టుకుని వచ్చాడు. పాఠాల గది ఆ రోజు వేరే పనికి సిద్ధం చేశాను. దగ్గర వస్తువుల్ని తీసే లెన్సు షాపు నుంచి అడిగి తెచ్చాను. నాన్న ఫొటోను చట్రంలోంచి తీసి, అద్దం పక్కన పెట్టి, బల్ల మీద పరిచాను. స్టాండు వంచి కెమెరాను పైన నిలిపాను. కెమెరాకు వైరు పెట్టి టీవీకి కలిపాను. నాన్న ఎడమ కన్ను, అంటే భద్రమ్మ ఎడమ కన్ను, టీవీ నిండా వచ్చింది. మచ్చ రూపాయి బిళ్లంత కనబడింది. ఎల్లస్వామి టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నాడు.

"గిట్ల ఉండె," అన్నాడు. అంతే.

తర్వాత కుంచె తీశాడు. ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో కుంచె. వణికే చెయ్యి కాగితం మీద ఆనగానే వణకడం మానేసింది. టీవీని ఒకసారి, ఫొటోను ఒకసారి చూస్తూ మూసిన రెప్పల మీద నల్ల సిరా చుక్క చుక్కగా పెట్టసాగాడు. ముందు కెమెరాను కుడి కంటి మీదికి జరిపాను, అది పూర్తవడానికి రెండు గంటలు పట్టింది. అమ్మ టీ తెచ్చి గుమ్మం దగ్గరే ఇచ్చి వెళ్లింది, లోపలికి రాలేదు. కెమెరాను మళ్లీ వెనక్కి జరిపాక ఎడమ కన్ను మొదలుపెట్టాడు. నేను టీవీ వైపు చూస్తున్నాను. తెర మీది కన్ను తడిగా మెరిసింది. అద్దం మీద లైటు పడి ఉంటుందని లేచి లైటు జరపబోయాను. అద్దం తీసి పక్కన పెట్టింది నేనే. ఫొటో మీద అద్దం లేదు.

కుర్చీలో కూర్చుని ప్రభువా ప్రభువా అనుకున్నాను.

చివర్న మచ్చ పెట్టాడు. కుంచె లేచిన క్షణంలో టీవీ మీది కన్ను మసకబారింది. కెమెరా ముందుకూ వెనక్కూ తడుముకుంది, దేన్నో పోగొట్టుకున్నట్టు. ఎంత సరిచేసినా అది మళ్లీ నిలబడలేదు. అయితే ఇక అవసరం కూడా లేదని ఎల్లస్వామి అన్నాడు, పని అయిపోయింది. లెన్సు మార్చి కెమెరాను భద్రమ్మ వైపు తిప్పాను.

పసుపు గడి వచ్చింది. ఇటు అటు కదలకుండా ఆ రెండు కళ్ల మీద నిలిచింది.

"వచ్చిందా బిడ్డా?"

"వచ్చింది కాకా."

ఆయన తన చేతిని ఫొటోకు దగ్గరగా తీసుకెళ్లాడు, సిరా ఆరలేదని ముట్టుకోలేదు. "ఇరవై ఎనిమిదేండ్లయింది నన్ను చూడక," అన్నాడు. ఆయన కళ్లు ధారగా కారుతున్నాయి. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడే పోయింది. ఆటో పిలిచాను. జీవితమంతా తయారైన ఫొటోలను గోడ వైపు తిప్పి పెట్టిన మనిషి, భద్రమ్మను తన వైపు తిప్పుకుని ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు.

ఆయన వెళ్లాక నాన్న ఫొటోను చట్రంలో బిగించి గోడకు తగిలించాను. కెమెరా తిప్పాను. గడి రాలేదు. పసుపుది కాదు, తెల్లది కూడా రాలేదు. నమోదైన ముఖం మెనూలో అలాగే ఉంది. ఆపి మళ్లీ పెట్టాను, తలుపులు తెరిచి వెలుతురు పెంచాను, దగ్గరికి తెచ్చాను. కెమెరాకు అక్కడ ముఖమే కనబడటం లేదు. వెళ్లి నా కళ్లతో చూశాను. అదే సిరా, అదే మచ్చ, ఒక్క చుక్క కూడా చెరగలేదు. నేను పక్కకు జరిగాను. అవి నా వెంట రాలేదు. ఈ గదిలో నన్ను ఇన్నేళ్లు చూసినవాళ్లు ఇక లేరు. నేల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

అమ్మ ఎప్పుడొచ్చిందో చూడలేదు. గది మధ్యలో నిలబడి గోడ వైపు చూస్తోంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె ఆ ఫొటోను అలా నేరుగా చూడటం అదే మొదటిసారి. పాఠం చెప్పే నా కుర్చీని లాక్కుని, గోడకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఇన్నేండ్లు ఎవలో ఆడిమనిషి మన గోడ మీద కూసోని నన్నే చూస్తాన్నట్టు ఉండె బిడ్డా. నీకెట్ల చెప్పుదు, నువ్వు నాయినా నాయినా అని దానికే మొక్కుతుంటివి. ఇయ్యాల పోయింది. మీ నాయిన ఒక్కడే ఉన్నడు."

లేచి కొంగుతో అద్దం తుడిచింది. నేను కెమెరా ఆపేశాను.